టైలరక్క కొత్త కన్ను

వీధి మొత్తానికి ఆమె టైలరక్క. సూదిలోకి దారం కళ్ళతో కాక వేళ్ళ తడుములాటతో ఎక్కిస్తోందని ఇంట్లో ముందుగా పసిగట్టింది తోడికోడలే. ఆ చిన్నామె సిటీ బస్సులో కండక్టరు, ఎవరి వాలకమైనా ఇట్టే పట్టేస్తుంది.

"కంట్లో శుక్లాలు అక్కా, ఆపరేషన్ చేయించుకో" అని రెండేళ్ళు పోరింది. టైలరక్క వింటేనా! "కంట్లో కత్తి పెడతారంటేనే నాకు గుండె జారిపోతోందే" అని మాట దాటేసేది. చివరికి ఒక షర్టుకు ఎడమ చెయ్యి తెచ్చి కుడివైపు కుట్టేసిన రోజున, ఎవరూ చెప్పకుండానే తయారై కూర్చుంది.

కుడికంటికి ఆపరేషన్ అయింది. వంగొద్దు, బరువులెత్తొద్దు అన్నారు డాక్టరు. మిషను మూతపడింది. చేతిలో పనిలేక టైలరక్కకు పొద్దు గడవడమే గగనమైపోయింది. పదోరోజు సాయంత్రం చిన్నామె ఆరిన బట్టలు తీయడానికి డాబా ఎక్కితే, తనూ వెనకాలే వెళ్ళింది.

పడమర ఇంకా ఎర్రబారే ఉంది. ఆ ఎరుపు మీద సన్నటి నెలవంక, దాని పక్కనే ఒక పెద్ద వెలుగు, ఇంకాస్త పైన మరొకటి.

"ఏమే, ఆ దీపాలు ఎవరింటివి?"

"దీపాలు కాదక్కా. ఆ పెద్దది శుక్రుడు, పైనున్నది గురుడు. మినుకుమినుకుమనకుండా నిలకడగా వెలిగితే గ్రహమట. మా బస్సెక్కే సైన్సు మేడమ్ చెప్పింది. ఇప్పుడంటే పొద్దుటి డ్యూటీ గానీ, సాయంత్రం ట్రిప్పులో నేను రోజూ చూస్తూనే ఉంటా."

"రోజూనా? మరి నాకొక్కసారీ చెప్పలేదేం?"

చిన్నామె చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. "చెబితే ఏం లాభం అక్కా? నీకు కనబడదు. కనబడలేదని కుమిలిపోతావు. అందుకే నోరు మూసుకున్నా."

టైలరక్క అరచేత్తో కుడికన్ను మూసి చూసింది. ఎడమకంటికి చందమామ పీచు లేచిన దూదిపింజలా ఉంది. చెయ్యి మార్చింది. నెలవంక అంచు కొత్త కత్తెరతో కత్తిరించినంత తేటగా ఉంది.

"ఒసే, నెలవంక ఒడిలో మిగతా చందమామ కూడా ఉందే! బూడిదరంగులో, గుండ్రంగా!"

"ఏదీ? నేనెప్పుడూ చూళ్ళేదే!" చిన్నామె దగ్గరకొచ్చి, టైలరక్క వేలి వెంబడే చూపు సారించింది. కాసేపటికి "అమ్మో, నిజమే!" అంది.

ఆమె వైపు తిరిగిన టైలరక్క ఆగిపోయింది. "చెంపలిలా ఎప్పుడు నెరిశాయే నీకు?"

"మూడేళ్ళయింది. ఇప్పుడా అడగడం!" అని చిన్నామె పకపకా నవ్వింది. టైలరక్క మాత్రం నవ్వలేదు. ఆ తెల్లవెంట్రుకలను వేళ్ళతో చెవి వెనక్కి సర్ది, చెయ్యి చాలాసేపు అక్కడే ఉంచింది.

ఆ వారమంతా ఇద్దరూ డాబా ఎక్కారు. చందమామ రోజుకింత లావవుతూ, గురుణ్ణి కూడా దాటి పైకి జరిగిపోయింది. ఎడమకంటి ఆపరేషన్‌కు తేదీ ఎప్పుడని ఆసుపత్రికి టైలరక్కే ఫోన్ చేసి అడిగింది.