మూడు రంగుల వైర్లు

మా మామయ్యకు రెండు కళ్ళూ పోయాయని ఎదురింటావిడ రొట్టెల కొట్లో చెప్పిందట. కొట్టతను పొట్లం కడుతూ ఆ మాట నా చెవిన వేశాడు. "చూపు లేనాయనకి కుట్టుమిషనెందుకు, మా చెల్లెలికిచ్చేస్తే పోలా అంటోందమ్మా" అని కూడా అన్నాడు. ఆవిడ గాల్లోంచి పుట్టించిన మాట కాదది. మా ఇంట్లోంచి వెళ్ళిందే.

మామయ్య దర్జీ. నలభై ఏళ్ళుగా ముందుగదిలో కిటికీ పక్కనే ఆయన మిషను. నెల కిందట మా ఆయన గోడంత టీవీ తెచ్చాడు. మేడ మీద డిష్షు, దాని పక్కనే ఊరి చానెళ్ళ కోసం ఒక యాంటెన్నా, కింద హెచ్‌డీ బాక్సు. మెకానిక్కు మేడ మీద పని చేసి లోపలికి రాబోతుంటే, "వైర్లు గుచ్చడానికి కూడా మనిషి కావాలా, నేను చూసుకుంటాలే" అని పంపేశాడు.

ఆ సాయంత్రం అందరం ఎదురుగా కూర్చున్నాం.

"బొమ్మ మసగ్గా ఉందిరా" అన్నాడు మామయ్య.

"హెచ్‌డీ నాన్నా ఇది. ఆటగాడి చెమటచుక్కలు లెక్కపెట్టుకోవచ్చు."

"నాకైతే కనురెప్పలు కూడా కనిపిస్తున్నాయన్నయ్యా" అంది మా ఆడపడుచు.

నాకు ఆ ఆటగాడి మొహం నానిన పిండిముద్దలా కనిపించింది. అయినా బాగుందండీ అన్నాను. కొన్న మనిషి నా వైపే చూస్తున్నాడు మరి.

అంతే, మామయ్య కళ్ళు పాడైపోయాయి. రోజూ ఆయన మసక అనడం, మేము నలుగురి ముందూ జాలిపడటం. మిషను మెట్ల కింద గదిలోకి పోయింది, కిటికీ పక్కకి సోఫా వచ్చింది. ఒకరోజు ఆయన మమ్మల్ని పిలిచి, మా ఎదుటే సన్నసూదిలోకి ఒక్క పోటున దారం ఎక్కించాడు.

"అది చేతికి అలవాటు నాన్నా. చూపుతో పనిలేదు" అన్నాడు మా ఆయన.

మామయ్య సూదిని కాలరుకు గుచ్చుకున్నాడు. మా ఆయన కంటాసుపత్రిలో మామయ్య పేర చీటీ రాయించాడు. ఎదురింటావిడ చెల్లెలికి మిషను ఇస్తామని మాటా ఇచ్చేశాడు.

మొన్నటి గాలికి డిష్షు పక్కకి తిరిగి బొమ్మే రాకుండా పోయింది. రేపు ఆసుపత్రి అనగా ఇవాళ మధ్యాహ్నం మెకానిక్కు వచ్చాడు. మేడ ఎక్కి, పావురాల రెట్ట మధ్య మోకాళ్ళ మీద కూర్చుని డిష్షు సరిచేసి దిగాడు. చేతులు కడుక్కుని టీవీ వెనక్కి వంగినవాడు అలాగే ఆగిపోయాడు.

"ఇదెవరు పెట్టారండీ?"

మా ఆయన రిమోటు చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ ఎరుపు, పసుపు, తెలుపు వైర్లు పాత డబ్బా టీవీవి. వీటిల్లోంచి హెచ్‌డీ ఎట్లా వస్తుంది? బాక్సుతో పాటు వేరే వైరిస్తారే, ఏదీ?"

అట్టపెట్టె అడుగున, విప్పని కవర్లో ఉందది. గుచ్చాడు. వార్తలు చదివే ఆవిడ పెదవి రంగు కింద చర్మం పగిలి ఉండటం గది చివర్నించి కనిపించింది.

"నెలంతా మీరు చూసింది మసకబొమ్మేనండీ" అని అతను సంచీ సర్దుకున్నాడు.

"నేనప్పుడే అనుకున్నా, ఏదో తేడాగా ఉందని" అంది మా ఆడపడుచు, గోళ్ళు చూసుకుంటూ.

సరిగ్గా అదే మాట నా నాలుక చివర కూడా తయారుగా ఉంది. దాన్ని మింగాను. ఎంగిలి మింగినట్టుంది.

మా ఆయన రిమోటు అటూ ఇటూ తిప్పాడు. "మాకేం తెలుసు నాన్నా. నిజంగా మా కళ్ళకి బాగానే కనపడింది."

మామయ్య జేబులోంచి ఆసుపత్రి చీటీ తీసి సోఫా మీద పెట్టాడు.

"అయితే నా పేరు కొట్టేసి రేపు మీరు వెళ్ళండి. వెళ్ళేముందు మిషను తెచ్చి కిటికీ దగ్గర పెట్టండి."