పేలికల తివాచీ

కంచె తీగమీద తివాచీ ఆరేసి, విరిగిన పార కర్రతో వెల్డా ప్రూయిట్ దాన్ని ఎడాపెడా బాదుతోంది. దుమ్ము ముక్కులో దూరి వరసగా తుమ్ములొచ్చాయి. వెల్డా తుమ్మితే గుట్టకవతల కుక్కలు మొరుగుతాయని ఆ లోయలో అందరూ నవ్వుకుంటారు. మాట వరసకన్నది కాదు. పక్కింటి కుక్క అప్పుడే మొరిగింది కూడాను.

ఆ గుండ్రటి తివాచీ వాళ్లమ్మ కుట్టింది. పాత గౌన్లు పేలికలుగా చింపి, జడలల్లి, చుట్టలు చుట్టి కుట్టింది. అక్కచెల్లెళ్లు ముగ్గురూ రేడియోలో పాడటానికి వెళ్లిన మొదటి రోజున, సిమెంటు నేలమీద పిల్లల కాళ్లు జివ్వుమంటాయని చంకలో పెట్టి పంపింది. ఇరవయ్యేళ్లుగా అది పరవకుండా వాళ్లు ఏ మైకు ముందూ నోరు తెరవలేదు. దానిమీద మూడు చోట్ల జతలు జతలుగా పాదాలు అరగదీసిన గుంటలు పడ్డాయి. మైకుకి ఆనుకుని చిన్నది ట్రూడీ. ఒక పక్కగా, కాస్త వెనక, మాండలిన్ పట్టుకుని నడిపిది నోరీన్. బాగా వెనక, అంచుమీద, గిటారుతో పెద్దది వెల్డా.

వెల్డాని వెనక్కి పంపింది ఆ మొదటి రోజు రేడియో ఆయనే. ముగ్గురికీ ఒకటే మైకు. ఆవుల్ని కొండమీంచి కేకేసి పిలిచిన గొంతు వెల్డాది. ఆమె పల్లవి ఎత్తుకోగానే ఆయన చెవులు మూసుకుని, "అమ్మా, నా యంత్రం కాల్చేస్తావా ఏం?" అంటూ వెనక్కి జరగమన్నాడు. ఇంకా అన్నాడు, ఇంకా అన్నాడు. చివరికి వీపు గోడకి తగిలింది. అదిగో, అప్పట్నుంచీ ఆమె చోటు అదే. ఫొటోల్లో ఆమె మోచెయ్యి మాత్రం బాగా పడుతుంది. ఒకసారి ఐసుక్రీము అమ్మే ఆవిడ, "మీరు వీళ్ల డ్రైవరా అండీ?" అనడిగితే అవునంది. కారు తోలేదీ తనే మరి. ఆ ముచ్చట తనే వారం రోజులు అందరికీ చెప్పి నవ్వించింది. నవ్వించాక రాత్రిళ్లు కాస్త గుచ్చుకునేది, అది వేరే సంగతి.

ఇవాళ ట్రూడీ ఆఖరిపాట. ఈమధ్యే పెళ్లాడిన పాల డెయిరీ ఎల్వుడ్‌తో, సంత కాగానే అట్నుంచటే ఒహాయో రాష్ట్రం వెళ్లిపోతుంది. రేడియో మేనేజరు డాబిన్స్ సంతకొస్తున్నాడు. ఆయన షరతు ప్రకారం ఇవాళ ట్రూడీ వెనక నిలబడి వంత పాడాలట, ముందు ఇంకొకరు పాడాలట. చెవికి నచ్చితే పొద్దుటి కార్యక్రమం వీళ్లదే. నచ్చకపోతే కోడిలా కూసి నవ్వించే ఒకాయన కాచుక్కూచున్నాడు.

పాట పోతే ఈ ఇల్లూ ఆవులూ తప్ప వెల్డాకింకేమీ లేదు. అందుకే ముందు నిలబడమని నోరీన్‌ని వారం నుంచీ బతిమాలుతోంది.

నోరీన్ వంటింట్లో బిస్కెట్ల పిండి పిసుకుతూ, "నాకు ఎక్కిళ్లొస్తాయే అక్కా. కావాలంటే కోళ్లగూడు కడిగిపెడతా," అంది.

"నువ్వు కాకపోతే ఎవరే? ఆవుల్ని నిలబెట్టనా?"

నోరీన్ ట్రూడీ వంక చూసింది. ట్రూడీ బిస్కెట్టుకి వెన్న రాసుకుంటూ ఏమీ ఎరగనట్టు కూచుంది. చివరికి నోరీన్ సరేనంది. మరీ తేలిగ్గా అంది, కానీ వెల్డాకి అనుమానించే తీరిక లేదు.

కారెక్కగానే వెనక సీట్లో చెల్లెళ్లిద్దరూ కళ్లు మూసుకున్నారు. ఎప్పుడూ అంతే. వెల్డా స్టీరింగుమీద వేళ్లతో తాళం వేస్తూ ట్రూడీ పాడాల్సిన పాటంతా మెల్లగా పాడుకుంది. ఎంత మెల్లగానంటే, వెనక నిద్రపోయేవాళ్లకి మెలకువ రానంత. తన గొంతు తనకి ఇష్టమైన చోటు ఆ కారొక్కటే. అక్కడెవరూ వెనక్కి జరగమనరు.

సంతలో గడ్డిబండి మీద చెక్కలు పరిచి వేదిక చేశారు. పందుల పోటీ అప్పుడే ముగిసింది. జనం వేపుడు కోడిమాంసం తింటూ బల్లలమీద సర్దుకుంటున్నారు. వెల్డా కారు నీడకి పెట్టి, గిటారు తీగెలు సరిచేసుకుంటూ తల వంచుకునే బండెక్కింది. తివాచీ ట్రూడీ అప్పటికే పరిచేసింది. వెల్డా పాదాలు చూడక్కర్లేకుండానే తమ గుంటలు వెతుక్కుని కుదురుకున్నాయి. తలెత్తింది.

మైకు సరిగ్గా ముక్కు ముందుంది.

పక్కన నోరీన్ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఎక్కిళ్లూ లేవు, పాడూ లేదు. వెల్డా వెనక్కి తిరిగింది. అక్కడ అంచుమీద ట్రూడీ ఉంది.

"వెనక అంచు ముందుకి తిప్పి పరిచాను," అంది ట్రూడీ. "పాడు."

"నీకేం పిచ్చా? నా గొంతుకి ఇది పేలిపోతుందే."

"కార్లో పాడతావు చూడు, అలా పాడు. ఇన్నేళ్లూ నేను నిద్రపోయాననుకున్నావా అక్కా?"

వెల్డా కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. ఏడవడానికి వేళ కాదది. నోరీన్ మాండలిన్ మీటేసింది. వెల్డా నోరు తెరిచింది. అలవాటు ఎక్కడికి పోతుంది, మొదటి మాటకే మైకు బూరాలు కీచుమన్నాయి, బండి పక్క కంచరగాడిద రెండడుగులు వెనక్కి గెంతింది, ముందు వరసలో ముసలాయన చేతిలో కోడికాలు జారిపోయింది. జనం గొల్లున నవ్వారు. వెల్డా కూడా ఆపుకోలేక నవ్వేసింది. ఆ నవ్వుతో భయం కూడా పోయింది. ఎదురుగా జనం లేరనుకుంది. రోడ్డు ఉందనుకుంది, వెనక సీట్లో పిల్లలు పడుకున్నారనుకుంది. అలా అనుకుని మొదట్నుంచీ ఎత్తుకుంది.

కోడికాలు తుడుచుకుంటున్న ముసలాయన తుడవడం ఆపేశాడు. వెనకనుంచి ట్రూడీ గొంతు పైస్వరంలో వచ్చి కలిసింది. మైకు ముందు నిలబడితే వెనక గొంతు ఎంత హాయిగా వినిపిస్తుందో వెల్డాకి ఆ రోజే తెలిసింది. తను ఇరవయ్యేళ్లు వాళ్లకిచ్చింది ఇదన్నమాట అనుకుని లోలోపల పొంగిపోయింది.

పాటలయ్యాక డాబిన్స్ బండి దగ్గరకొచ్చి టోపీ సర్దుకుని, సోమవారం ఆలస్యం చెయ్యకండి, అన్నాడు. అంతే అన్నాడు. కోడికూతలాయనకి కబురు తనే చెప్పుకుంటానన్నాడు.

ట్రూడీ ఎక్కువ హడావుడి చెయ్యలేదు. నోరీన్‌ని కౌగిలించుకుంది, వెల్డా మెడలో మొహం దాచుకుని కాసేపుండిపోయింది. ఎల్వుడ్ హారన్ కొట్టకుండా ఓపిగ్గా కూచున్నాడు, మంచివాడు. వాళ్ల పాత ట్రక్కు పందుల దొడ్లు దాటి, మలుపు తిరిగి, దుమ్ములో కలిసిపోయింది. నోరీన్ ముక్కు చీదుకుంటూ నిమ్మరసం తేవడానికి వెళ్లింది.

వెల్డా తివాచీ చుట్టడానికి బండెక్కి, వంగి, చుట్టకుండా అలాగే నిలబడింది. వెనక అంచున, ట్రూడీ మడమలు అరగదీసిన గుంటలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాంట్లో గడ్డిపరక చిక్కుకుని.