పైఊట నీళ్ళు

మా తోటికోడలు కనకకి కొళాయి వచ్చింది. నాకు కుళ్ళు వచ్చింది.

శుక్రవారం అరకు సంతకి పసుపు మోసుకెళ్తూ, దారిలో సర్కారు కట్టించిన కొత్త కాలనీ దగ్గర ఆగాను. కనక ఇంటి ముందు కూర్చుని కొళాయి తిప్పి కాళ్ళు కడుక్కుంటోంది. ఒక కాలు కడిగి, కట్టేసి, కాసేపు చూసుకుని, మళ్ళీ తిప్పి రెండో కాలు. ఏడాది కిందట ఆ కాళ్ళూ నా కాళ్ళలాగే బీటలువారి ఉండేవి. లోపల గోడకి అద్దం కట్టించిన కాయితం వేలాడుతోంది. ఇంటి పట్టా. ఆడవాళ్ళ పేరునే ఇస్తారట. దానిమీద ఆవిడ పేరు, ఆవిడ వేలిముద్ర.

మా గూడెం పక్కన ఒక కంపెనీ ఏడేళ్ళు రాయి కడిగింది. రాయిలో ఉన్నది పట్టుకుపోయి, కడిగిన మురికంతా గుట్టపోసి మాకు వదిలేసింది. వానొస్తే ఆ బూడిదరంగు బురద గెడ్డలోకి దిగుతుంది. గెడ్డకి అటు ఒడ్డున కనక వాళ్ళ చేను, ఇటు ఒడ్డున మాది. రెండువేల నాలుగులో ఎలక్షన్లయ్యాక గుట్ట చుట్టూ కంచె వేస్తామని సర్కారు ఆ ఒడ్డు ఒక్కటీ తీసుకుని వాళ్ళకి ఇల్లిచ్చింది. మాది బాగానే ఉందని రాసేశారు. భూసేకరణ వాళ్ళకి. కట్టెల సేకరణ, నీళ్ళ సేకరణ నాకు.

భూమి పోతే ఏడవాలంటారు. వలిసెలు పూసిన చేను తలుచుకుని కనక మొగుడు కొండబాబు నిజంగానే ఏడ్చాడు. నా ఏడుపు వేరు. ఇరవై ఏళ్ళుగా గొప్పు తవ్వింది నేను, పట్టా మా ఆయన సోంబరు పేరున. నాకు పట్టా లేదు, పట్టింపే ఉంది. నాది కాని భూమి పోతే బాగుణ్ణని కోరుకోవడానికి నాకేం అడ్డు?

కనక గ్లాసు నింపి ఇచ్చింది. బాగోలేవని అనాలనిపించింది. బాగున్నాయి. అందుకే కడుపు మండింది. నీళ్ళు పోస్తే ఆరే మంట కాదది.

"మీ గెడ్డా మా గెడ్డా ఒకటే కదక్కా, మాది బాగుందని ఎలగ రాసినారు?" అన్నాను.

కనక కొళాయి కట్టేసింది. "ఆ సర్వే బాబు సీసా ఎక్కడ నింపినాడే?"

సర్వే చేసినాయన పేరు సర్వేశ్వరరావు. పని పేరులోనే ఉంది. ఆయన తన మనుషులతో వచ్చిన రోజు సోంబరు నన్ను నీళ్ళకి తరిమాడు. మా కొండల్లో గడప తొక్కినవాడు పగవాడైనా చెడ్డనీళ్ళివ్వం. కొండెక్కి పైఊట దగ్గర కుండ నింపి తెచ్చాను. వాళ్ళు తాగారు. గెడ్డలోకి దిగితే జారుతుందని, మిగిలినవి ఆ కుండలోంచే పరీక్ష సీసాలోకి ఒంపుకున్నారు. రోజూ తాగే నీళ్ళేనా అని అడిగితే, "ఇయ్యే బాబూ, పంచదార" అన్నాడు సోంబరు.

అబద్ధమేం కాదు. అతను రోజూ తాగేది అవే. ఆరేళ్ళుగా పొద్దునా సాయంత్రం నేను కొండెక్కి కుండ దింపుతున్నాను కాబట్టి, గెడ్డ చెడిన సంగతి మా ఇంట్లో ఎవరి గొంతు దాకా రాలేదు. నీళ్ళు కుండలోనే ఊరుతాయనుకున్నారు. ఊట దగ్గర ఊసులాడుతూ ఆలస్యం చేస్తానని మా అత్త సణిగేది.

"నాను గెడ్డలో ముంచి ఇచ్చినాను. ఆల్ల మీద కోపం మరి. వాసనకి మొకాలు తిప్పేసినారు," అని నవ్వింది కనక. "నీ మరియాదే నిన్ను ముంచేసినాదే గుంటా."

కోపంతో ముంచినదానికి కొళాయి. మర్యాదగా మోసినదానికి మోతే. ఇంటికొచ్చే దారంతా గెడ్డ కంటే ఎక్కువ కుళ్ళాను.

కంచె వేసే ముందు ఇంకోసారి చూడాలని నెల తర్వాత సర్వేశ్వరరావు మళ్ళీ వచ్చాడు. సోంబరు ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి కేకేశాడు. "బేగి నీల్లు తే."

కుండ తీసుకున్నాను. గుమ్మం దాటగానే కాళ్ళు అలవాటుగా కొండవైపు తిరిగాయి. వాటిని మళ్ళించి కిందకి దిగాను. గెడ్డలో ముంచాను. ఇంత దగ్గరా నీళ్ళు! చెంబుతో కాళ్ళు కడుక్కున్నంత సేపట్లో ఇంట్లో ఉన్నాను.

"అప్పుడే తెచ్చేసినావా?" అని సోంబరు మురిసిపోయాడు.

వచ్చినవాళ్ళకి చెడ్డనీళ్ళు ఇవ్వకూడదు. అందుకే లోటా మొగుడికిచ్చాను.

నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు. లోటాలోకి చూశాడు, కుండలోకి చూశాడు, ఆఖరికి నా కాళ్ళవైపు చూశాడు. "ఇదేటి నీల్లే?"

"మన గెడ్డవే. ఇన్నేల్లూ నువ్వు తాగింది నా నడక."

అతను తాగలేదు. లోటా మెల్లగా కింద పెట్టాడు. సర్వేశ్వరరావు ముక్కు మూసుకుని సీసా నింపాడు. చీటీ అంటించి, పోయినసారిలాగే "సోంబరు" అని పైకి అనుకుంటూ రాయబోయాడు.

"బుదరి అని రాయండి బాబూ," అన్నాను. "మోసింది నేను."

రాశాడు. కనక కాయితం మీద ఉన్నంత పెద్దగా రాశాడా లేదా అని వంగి చూసుకున్నాను.