మిగిలిన గంటలు

"కంప్యూటరే రాసుకుంటదట గదా, ఇంక నువ్వేం జేస్తవ్ శిరీషా?" అన్నాడు భర్త వేణు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ. నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్న మాటకు కోపం తెచ్చుకుంటే తెచ్చుకున్నదానిదే తప్పవుతుంది కాబట్టి శిరీష కూడా నవ్వి, రుబ్బిన మినప్పిండిని గిన్నెలోకి తీసింది. ఆ చొక్కా ఇస్త్రీ చేసింది మాత్రం కంప్యూటర్ కాదు.

అసలు నోరు జారింది తనే. నిజామాబాద్‌లో ఇంట్లో కూర్చునే హైదరాబాద్ కంపెనీకి ప్రోగ్రాములు రాసే ఉద్యోగం ఆమెది. రెండు నెలల కిందట కంపెనీ వాళ్ళు ఏఐని చేతికిచ్చారు. ఏం కావాలో మాటల్లో చెబితే కోడ్ అదే రాస్తుంది, రాసింది సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్షలూ అదే పెట్టుకుంటుంది. ఎనిమిది గంటల పని నాలుగు గంటల్లో తేలిపోయిన మొదటి రోజు శిరీషకు కాలు నేల మీద నిలవలేదు. ఆ సంబరంలో ఇద్దరికి చెప్పుకుంది. టీం లీడర్ భూమేష్ "సూపర్ అండి, అయితే ఇంకో రెండు ప్రాజెక్టులు తీసుకోండి" అన్నాడు. వేణు "మంచిగైంది, అమ్మను మోకాళ్ళ డాక్టర్ దగ్గరికి నువ్వే తీస్కపో ఇగ" అన్నాడు. మిగిలిన నాలుగు గంటలను ఆఫీసు సగం, ఇల్లు సగం పంచుకుని తిన్నాయి. వడ్డించింది తనే.

అప్పటినుంచి ఆమెకు ఒకచోట నిలకడ లేదు. కుర్చీలో కూర్చుంటే కుక్కర్ కూతలు లెక్కపెడుతుంది, పొయ్యి ముందు నిలబడితే స్క్రీన్ మీద ఏమైందోనని కాళ్ళు లాగుతాయి. ఎక్కడున్నా ఇంకోచోట ఉండాల్సిన మనిషిలాగే ఉంది. ఆ నాలుగు గంటలు చేతికొస్తే ఏం చేసేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర జవాబు కూడా లేదు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఏమీ చేయకుండా ఒక్క గంట కూర్చున్న జ్ఞాపకమే లేనప్పుడు, ఏం చేయాలనిపిస్తుందో ఎట్లా తెలుస్తుంది? తెలియకపోయినా సరే, తనదై ఉండాలి కదా!

ఈరోజు వేణు మేనమామ బాలనర్సయ్య నవీపేట్ నుంచి భోజనానికి వస్తున్నాడు. నాటుకోడి కూర, గారెలు. "ఈరోజు ఒంటిగంటకు నాది ముఖ్యమైన పనుంది" అని శిరీష నిన్ననే చెప్పింది. "ఏఐ జూస్కుంటది లే, ఓ గంట లేసొస్తే ఏమైతది?" అన్నాడు వేణు.

ఆ పని మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీది. బోధన్ చుట్టుపక్కల రైతులు దానికి చెరుకు తోలతారు. ఎవరి పొలం ఏ రోజు కోయాలో లెక్కగట్టి రైతుల ఫోన్లకు మెసేజ్ పంపే ప్రోగ్రాం శిరీష చేతిలో ఉంది. పొద్దున పదింటికి ఏఐ కోడ్ రాసిచ్చింది, పరీక్షలన్నీ పాసైనట్టు పచ్చ గుర్తులు చూపించింది. అప్పుడే కోడి తెచ్చినవాడు గేటు కొట్టాడు. శిరీష పైపైన చూసి సరేనని నొక్కేసి, కోడి కడగడానికి వెళ్ళింది. ఒంటిగంటకు మెసేజ్‌లు వాటంతటవే వెళ్ళిపోతాయి.

పన్నెండున్నరకు కడాయిలో నూనె కాగుతోంది. అత్త లింగవ్వ కింద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. నలభై ఏళ్ళు బీడీలు చేసిన వేళ్ళు, కత్తి కంటే ముందు నడుస్తాయి.

"పిచ్చిదానివి బిడ్డా," అంది గొంతు తగ్గించి. "నేను లగ్గమై వచ్చినంక పొద్దుగాల కూసుంటే మాపటికి వెయ్యి బీడీలయ్యేటియి. చెయ్యి తిరిగినంక మూడు గొట్టంగనే అయిపోయేటియి. సంబురంగ మా అత్తకు చెప్పిన. తెల్లారిసంది బర్లకు గడ్డి దెచ్చుడు నా నెత్తిన బడ్డది. కార్ఖానల చెప్తే ఇంకో కట్ట ఆకు ఎక్కువిచ్చిండు. గప్పటిసంది చాట ఒళ్ళె వెట్టుకోని, ఊకెనే ఆకు కత్తిరిస్తున్నట్టు కూసున్న. ఇరవై ఏండ్లు ఎవ్వనికి తెల్వనియ్యలె. నన్నడిగితే నీకు ముందుగాలనే చెప్తుంటిని, నువ్వే చెప్పుకుంటివి."

శిరీషకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళు తన చేతి వేగాన్ని దొంగసొత్తులా దాచుకుని బతికిందా ఈమె? రేపటినుంచి తనూ పనైపోయాక కీబోర్డు టకటకలాడిస్తూ కూర్చోవాలా?

ముందుగదిలో బాలనర్సయ్య గొంతు గట్టిగా వినిపించింది. "గీసారి నాటుడే లేదు అల్లుడా. మూన్నెల్ల కింద కోసిన మోళ్ళకెల్లే మళ్ల లేసింది చెరుకు. మోకాలెత్తున్నదిప్పుడు."

శిరీష తట్టిన గారె చేతిలోనే ఆగిపోయింది. మోస్రాలో చెరుకు పొలాల మధ్య పెరిగిన పిల్ల ఆమె. ఒకసారి నాటిన చెరుకు కోసినా మొదలు నుంచి మళ్ళీ లేస్తుంది, కానీ ఫ్యాక్టరీ రికార్డుల్లో మొదట నాటిన తేదీయే ఉండిపోతుంది. పొలం వయసు కోసిన రోజు నుంచి లెక్కగట్టాలి. ఏఐ మాత్రం ఆ నాటిన తేదీనే నమ్మి ఉంటుంది. దాని లెక్కలో మోకాలెత్తు తోటకు ఏడాది దాటిపోయి ఉంటుంది. ముందు దాన్ని కొయ్యమంటుంది, ముదిరిన చెరుకేమో వంతు రాక పొలంలోనే ఎండుతుంది. ఆ పరీక్షలు రాసింది కూడా అదే కదా, పాసవ్వక ఏం చేస్తాయి!

స్టవ్ ఆర్పి, పిండి చేతులతోనే గదిలోకి పరుగెత్తింది. అనుకున్నంతా అయింది. జాబితాలో మొదటి నలభై పేర్లూ మోకాలెత్తు పొలాలవే. మెసేజ్‌లు ఆపింది. ఏఐకి రెండు వాక్యాల్లో సంగతి చెప్పింది. అది ఒక్క మాట ఎదురు చెప్పకుండా నిమిషంలో సరిచేసింది. ఈసారి ప్రతి వరుసా తనే చదవడం మొదలుపెట్టింది.

వేణు గుమ్మంలోకి వచ్చాడు. "మామ విస్తరి ముంగట కూసున్నడు. గా ఏఐ జూస్కుంటది గని నువ్వు రా."

"అది రాస్తది. చూసేది నేనే. రెండు వందల మంది రైతుల చెరుకిది."

"మరి గారెలు?"

"నువ్వు కాల్చు."

వేణు నవ్వబోయి ఆగాడు. వంటగదిలోంచి లింగవ్వ కేక వినిపించింది. "నూనె సల్లారుతున్నది, చేతులు కడుక్కోని రారా! నిలవడి కాల్సుడు నా మోకాళ్ళతోటి గాదు."

గారెలకు చిల్లులు పడలేదు, కొన్ని మాడాయి. బాలనర్సయ్య వంక పెట్టకుండా తిన్నాడు. మెసేజ్‌లు గంట ఆలస్యంగా, సరైన వరుసలో వెళ్ళాయి. ఆలస్యం ఎందుకని భూమేష్ ఫోన్ చేస్తే శిరీష జరిగింది దాచకుండా చెప్పింది. "అది రాసినదాన్ని చదవడమే ఇప్పుడు నా అసలు పనండి. చదవడానికి టైం కావాలి. ఆ రెండు ప్రాజెక్టులు వేరేవాళ్ళకివ్వండి." "చూద్దామండి" అన్నాడు భూమేష్. "చూడడం కాదండి, నేను తీసుకోవడం లేదు" అంది.

మూడింటికి ఆరోజు పనంతా పూర్తయింది. గోళ్ళ సందుల్లో మినప్పిండి ఎండిపోయింది. బయట గిన్నెల చప్పుడు, మామ సాగనంపుళ్ళు, చాయ్ ఎవరు పెట్టాలన్న ఎదురుచూపు. పనైపోయిన మనిషి లేవాలని కాళ్ళు వాటంతటవే కదిలాయి. ఆపుకుంది. పని ఇంకా ఉందని ఒక అబద్ధం చెబితే చాలు, ఎవరూ పిలవరు. అత్త చూపిన దారి అదే.

వేణు తలుపు తోసి అడిగాడు. "పని అయిపోయిందా?"

శిరీష కంప్యూటర్ మూత మూసింది.

"అయిపోయింది," అంది. "గని నేను ఖాళీగ లేను."