సుందరి బయటున్న రోజులు

ఆ యేడు కార్తీకంలో బాలత్రిపురసుందరి ఇంట్లో ఉన్న రోజులకంటే వెనక పంచలో ఉన్న రోజులే ఎక్కువ. మంగళగిరిలో ఆమె అత్తవారిది నేత ఇల్లు. ఆడది బయట చేరిందంటే మగ్గం వైపు రాకూడదు, నూలు ముట్టుకోకూడదు. మూడు రోజులు గడిచాక తలంటుకుని లోపలికి వచ్చి, రాట్నం ముందు కూర్చుని మళ్ళీ నూలు కండెలు చుట్టుకోవాలి. సుందరికి ముప్పై అయిదేళ్ళు దాటేదాకా అలాగే జరిగింది. ఆ తర్వాత మూడు రోజులు కాస్తా వారమైంది, వారం కాస్తా పది రోజులు దాటింది. తలంటుకుని లోపలికి వచ్చిన సాయంత్రమే మళ్ళీ చాప తీసుకుని పంచలోకి వెళ్ళిన నెలలు కూడా ఉన్నాయి.

ఆమె భర్త రామలింగం మాటలు తక్కువ మనిషి. పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్ళు దించి కూర్చుంటే మళ్ళీ భోజనానికే లేచేవాడు. గోడకి ఇవతల కూర్చున్న సుందరికి పడుగు దారాల మధ్య నాడె అటూ ఇటూ ఆడే చప్పుడు వినపడుతూ ఉండేది. ఉన్నట్టుండి ఆగేది. కండె అయిపోయిందనీ, చుట్టి ఇచ్చే మనిషి లేక ఆయనే లేచి చుట్టుకుంటున్నాడనీ ఆమెకి తెలిసేది. పిలిస్తే పలికేంత దగ్గర. కానీ పిలిచి ఏం చెప్పాలో తోచేది కాదు. ఇలాంటివి మొగుడికి చెప్పుకునే మాటలు కావు. కూతురు దగ్గరుంటే దానికైనా చెప్పుకునేది. అది పెళ్ళయి చీరాల వెళ్ళిపోయింది.

అత్తగారు వెంకటరావమ్మ వేళకి కంచం తెచ్చి గడప దగ్గర పెట్టేది. కోడలంటే ద్వేషమేమీ లేదు. తనకు తెలిసిన వైద్యమంతా చేయించింది. అశోక చెట్టు బెరడు తెప్పించి కషాయం కాచింది. అరటిపువ్వు దంచి పెరుగులో కలిపి పెట్టింది. వేడి చేస్తాయని బెల్లం, నువ్వులు, బొప్పాయి మాన్పించింది. కషాయం తాగిన నెల తగ్గినట్టే అనిపించింది. ఆ మరుసటి నెల అంతకు రెండింతలైంది.

"మాకూ వచ్చినయ్యమ్మా నెలసరులు. ఇంత ఇదిగా ఎవరికీ కాలా," అంది వెంకటరావమ్మ ఒకరోజు, కంచం కింద పెడుతూ. "నువ్వు లోపల ఏదో దిగులు పెట్టుకున్నావే. అందుకే ఇట్టా అవుతంది."

సుందరి కంచం ముందుకి లాక్కుంది. గుడ్డలు ఎన్ని మార్చినా చాలడం లేదనీ, గడ్డలు గడ్డలుగా పడుతోందనీ, బావి దాకా వెళ్ళి వాటిని ఉతుక్కుని వచ్చేసరికి గోడ పట్టుకుని నిలబడాల్సి వస్తోందనీ చెప్పలేదు. చెవుల్లో గుండె కొట్టుకుంటున్న చప్పుడు వినపడుతోందని చెప్పలేదు. ఎందుకో తెలియదు గానీ పచ్చి బియ్యం నమలాలనిపించేది. కొంగున గుప్పెడు కట్టుకుని, ఎవరూ చూడకుండా నమిలేది.

దివిసీమని ఉప్పెన ముంచేసిన రోజున మంగళగిరిలో కూడా గాలి వీధిలో మనిషిని నిలవనివ్వలేదు. మధ్యాహ్నం దాటాక పంచ మీది తాటాకు లేచిపోయింది. సుందరి గోడకి అతుక్కుని వానలో నిలబడింది. కాసేపటికి వెంకటరావమ్మ తలుపు తీసింది.

"లోపలికి రావే! ఆ మూలన నిలబడు. నూలుకి తగలమాక!"

సుందరి గడప దాటింది. కళ్ళు బైర్లు కమ్మాయి. పట్టుకోవడానికి చెయ్యి చాచింది గానీ, చేతికి అందింది మగ్గం మీద బిగించి ఉన్న పడుగే. దాని మీదే పడిపోయింది.

స్పృహ వచ్చేసరికి రామలింగం ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఆయన పంచె తడిసి ఎర్రగా ఉంది. వెంకటరావమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు.

బస్సులు తిరగడం మొదలయ్యాక ఆమెని బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆడవాళ్ళ వార్డు దివిసీమ నించి వచ్చినవాళ్ళతో నిండిపోయి ఉంది. డాక్టరమ్మ సుందరి కంటి కింది రెప్ప లాగి చూసింది.

"ఎన్నాళ్ళ నించీ ఇలా?"

"రెండేళ్ళయిందండి."

"రెండేళ్ళ నించీ ఎవరికీ చెప్పలేదా?"

"అందరికీ తెలుసండి," అంది సుందరి. "బయటుంటాను గదండీ."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. తర్వాత రామలింగాన్ని పిలిచి, ఒంట్లో రక్తం సగానికి పైగా తగ్గిపోయిందనీ, ఎక్కించాలనీ, ఇంట్లోవాళ్ళెవరైనా ఇవ్వాలనీ చెప్పింది. రామలింగం తల వంచుకుని విన్నాడు. అలాగే బయటికి నడిచాడు. ఇక రాడేమోనని సుందరి అనుకుంది. కష్టం చేసుకునే మగాడు రక్తమిస్తే మళ్ళీ కోలుకోడని వీధిలో అందరూ అనుకునే మాటే.

ఆ సాయంత్రం నర్సు మాణిక్యం రక్తం సీసా తగిలిస్తూ, "మీ ఆయనదేనమ్మా," అంది.

రామలింగం మర్నాడు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. మోచేతి దగ్గర చిన్న దూది ముక్క అంటుకుని ఉంది. ఆమె దాన్ని చూసింది. చూసిందని ఆయనకీ తెలిసింది. "అమ్మ మజ్జిగ పంపించింది," అని గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు.

గర్భసంచి శుభ్రం చేసి, అందులో చిన్న కండ పెరిగిందనీ, ప్రమాదమైంది కాదనీ డాక్టరమ్మ చెప్పింది. "ఈ మాత్రలతో తక్కువ అవుతుంది, తొందరగా ఆగుతుంది. మానకుండా వేసుకో. ఇవేమో ఇనుము మాత్రలు. దొడ్డికి నల్లగా వస్తుంది, కంగారు పడకు. బెల్లం తిను, ఆకుకూరలు తిను, ఎవరు మానమన్నా మానకు. తగ్గకపోతే అప్పుడు గర్భసంచి తీసే సంగతి ఆలోచిద్దాం."

పక్క మంచం మీద నాంచారమ్మ ఉండేది. నాగాయలంక అవతల చేపలు పట్టే వాళ్ళ పల్లె ఆమెది. కాలు చీరుకుపోయి చీము పట్టింది. మొదటి రెండు రోజులూ పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. మూడో రోజు ఇటు తిరిగింది.

"నీకేమైందక్కా?"

సుందరి చెప్పడం మొదలుపెట్టింది. గుడ్డల సంగతీ, గడ్డల సంగతీ, పచ్చి బియ్యం సంగతీ అన్నీ చెప్పింది. రెండేళ్ళుగా ఎవరికీ చెప్పనిదంతా, పేరు కూడా సరిగ్గా తెలియని మనిషికి చెప్పేసింది. నాంచారమ్మ అడ్డం రాకుండా వింది.

"అంత కాలం ఒక్కదానివే కూకున్నావా?" అంది చివరికి.

ఆ మాటకి సుందరికి ఏడుపొచ్చింది. కాసేపటికి తమాయించుకుని, "మీ వాళ్ళెవరూ రాలేదేం?" అని అడిగింది.

"ఎవరూ లేరక్కా," అంది నాంచారమ్మ. "మా ఆయన, ఇద్దరు పిల్లలు. నీళ్ళు తీసినాక నేను తాడిచెట్టు మీదున్నా. ఎట్టా ఎక్కానో తెలవదు."

సుందరి లేచి కూర్చుంది. మంచాల మధ్య నించి చెయ్యి చాపింది. నాంచారమ్మ పట్టుకుంది. ఆపైన ఇంటికి పంపించేదాకా వాళ్ళిద్దరూ ఒకే గిన్నెలో మజ్జిగ తాగారు.

మాత్రలు పనిచేశాయి. మాఘమాసం వచ్చేసరికి సుందరికి అందరు ఆడవాళ్ళలాగే మూడు నాలుగు రోజుల్లో, కొద్దికొద్దిగా అయి ఆగిపోయింది. మెట్లెక్కినా ఆయాసం రావడం లేదు. "చూశావా, మనసు కుదురుగా పెట్టుకుంటే అదే పోయింది," అంది వెంకటరావమ్మ సంతోషంగా. రామలింగం నేస్తుంటే సుందరి పక్కనే కూర్చుని రాట్నం తిప్పేది. ఇప్పుడు మధ్యలో గోడ లేదు. అయినా ఇద్దరూ మాట్లాడుకునేది నూలు గురించే.

ఒకరోజు ఆమె, "దివిసీమ వెళ్ళొస్తానండి," అంది.

"అక్కడ మనకెవరున్నారు?"

"ఆసుపత్రిలో నా పక్కనున్నామె."

రామలింగం నాడె ఆపి ఆమె వైపు చూశాడు. "పొద్దుగూకకముందే వచ్చెయ్యి," అన్నాడు. తను కూడా వస్తానని అనలేదు.

నాగాయలంకలో దిగి, అడుగుతూ అడుగుతూ వెళితే కొత్తగా వేసిన గుడిసెల వరస ఒకటి కనిపించింది. నాంచారమ్మ ఓ గుడిసె ముందు కూర్చుని ఎవరిదో వల బాగుచేస్తోంది. తలెత్తి చూసి వెంటనే గుర్తుపట్టలేదు. పట్టాక పక్కకి జరిగి చోటిచ్చింది. సుందరి తెచ్చిన బెల్లం ఉండలు చేతిలో పెట్టింది.

"ఎట్టా ఉంది నీకు?" అని అడిగింది నాంచారమ్మ.

"తగ్గిందమ్మా. ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు."

"నాకు ఆగిపోయినయ్యక్కా. ఉప్పెన నాటి నించీ రాలా."

సుందరి వల మీది ఆమె వేళ్ళకేసి చూసింది. ఎముకలు తేలి ఉన్నాయి. "వచ్చే సోమవారం డాక్టరమ్మ దగ్గరికి వెళతా. నువ్వూ రా. బెజవాడ బస్టాండులో నీ కోసం చూస్తుంటా."

"ఎందుకక్కా? వస్తే ఎవరికి, రాకపోతే ఎవరికి?"

"నీకు."

నాంచారమ్మ వస్తాననలేదు, రాననలేదు. బెల్లం ఉండ ఒకటి తుంచి సుందరి చేతిలో పెట్టింది.

సోమవారం సుందరి పొద్దున్నే బస్టాండు చేరింది. నాగాయలంక వైపు నించి వచ్చే అవనిగడ్డ బస్సులు ఆగినప్పుడల్లా లేచి నిలబడింది. తట్టలతో, సంచులతో, పిల్లలతో ఎంతోమంది దిగారు. నాంచారమ్మ దిగలేదు. ఒంటరిగానే ఆసుపత్రికి వెళ్ళి, తన సంగతి అయ్యాక ఆమె సంగతి చెప్పింది.

"అటు నించి వచ్చిన ఆడవాళ్ళు చాలామంది ఇదే చెబుతున్నారు," అంది డాక్టరమ్మ. "దుఃఖానికీ, తిండి లేకపోవడానికీ అలా ఆగిపోతుంది. కానీ చూడకుండా మందివ్వలేను. ఎలాగైనా తీసుకురా."

సుందరి మళ్ళీ బస్టాండుకి వచ్చింది. మంగళగిరి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కలేదు. బల్ల మీద కూర్చుని ఇంకో రెండు అవనిగడ్డ బస్సులు ఖాళీ అయ్యేదాకా చూసింది. ఆ తర్వాత లేచి ఇంటికి బయల్దేరింది.

"ఇంత ఆలస్యమైందేమే?" అని అడిగింది వెంకటరావమ్మ.

"బస్సు దొరకలేదత్తయ్యా," అంది సుందరి. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళింది. వచ్చే సోమవారం నాగాయలంక దాకా తనే వెళ్ళి తీసుకొస్తానని ఆ పూట ఎవరికీ చెప్పలేదు.