నిలకడైన మంట

దర్శి దగ్గర ఒక పల్లెలో ఆర్‌సీఎం చర్చి కొవ్వొత్తులు ఇరవై ఏళ్ళుగా ఆదాం చేతిమీదుగానే వెలిగేవి. ఫాదర్లు ఎందరు మారినా అతను మారలేదు. ఇంట్లోనూ సాయంత్రం జపమాలకు మరియమ్మ తల్లి పటం ముందు లావుపాటి కొవ్వొత్తి ఒకటి వెలగాలి. అది కూడా అతని పద్ధతిలోనే వెలగాలి.

రెండేళ్ళ కిందట కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బుతో అతని ఎడమకన్ను పోయింది. కుడికంటికి గొట్టంలోంచి చూసినట్టు కొంచెం చూపు మిగిలింది. అప్పటినుంచి చర్చిలో వెలిగించే పని కుర్రాళ్ళకు వదిలి, తాళాలు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇంట్లో కొవ్వొత్తి పని భార్య క్రిస్టీనాకు వచ్చింది. అతను పక్కన కూర్చుని నేర్పాడు.

"వత్తి గోరంత ఉంచి మిగతాది కత్తిరించు. పొడుగుంటే పొగ చూరుద్ది. కొత్తది మొదటిసారి వెలిగిస్తే మైనం అంచుదాకా కరిగిందాకా ఆర్పమాక. లేకపోతే నడిమధ్య గుంటపడి వత్తి మునిగిపోద్ది."

"గాలికి ఒక పక్కకే కారతందయ్యా."

"తలుపు ఓరగా వెయ్యి."

పోయిన చూపు రాదనీ, ఉన్నది నిలవాలంటే రోజూ చుక్కలు వెయ్యాలనీ ఒంగోలులో డాక్టరు చెప్పాడు. క్రిస్టీనా మిరపకాయ కోతకు పోయేది. ఆ చేతులతో కంటిని ముట్టుకుంటే మంటకు మనిషి ఎగిరిపడతాడు. ఇంటికి రాగానే కొబ్బరినూనె రాసి, సబ్బుతో నాలుగుసార్లు కడిగి, తన కంటికే వేలు ఆనించి చూసుకునేది. మండకపోతే అప్పుడు అతనికి చుక్కలు వేసేది. ఒక్కరోజూ తప్పలేదు.

మాఘమాసంలో ఒక సాయంత్రం కొవ్వొత్తి వెలిగించి ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పక్క కల్లంలో ఎండుకాయలు తిరగేస్తున్న ఘాటుకు వీధంతా తుమ్ముతోంది. ఆదాం ముక్కు కూడా మూసుకుపోయింది. అన్నం దించి ఆమె తిరిగి వచ్చేసరికి తలుపు బార్లా తెరుచుకుని ఉంది. కొవ్వొత్తి ఆరిపోయి ఉంది.

అగ్గిపెట్టె కోసం చెయ్యి చాపింది. ఆదాం పటం వైపే ముఖం పెట్టి అన్నాడు.

"ఇయ్యాల మంట నిలకడగా ఉంది. వత్తి బాగా కత్తిరించావు."

క్రిస్టీనా చెయ్యి అగ్గిపెట్టెకు తగిలి ఆగిపోయింది. పెట్టెలో పుల్లలు గలగలమన్నాయి.

ఆ చప్పుడుకు అతనికి అర్థమైంది. "ఆరిందా?" అన్నాడు.

"ఆరింది."

అతను తల దించుకున్నాడు.

"ఎప్పటినించి కనపడట్లా?"

"రెండో కోత కాడ్నించి."

నెలన్నర. ఆ నెలన్నరా ఆమె చేతులు కడుగుతూనే ఉంది, అతను తల వెనక్కి వాల్చి కన్ను తెరిచి పెడుతూనే ఉన్నాడు.

"ఎందుకు చెప్పలా?"

"చేలోంచి వచ్చి, అలుపన్నా తీర్చుకోకుండా చేతులు కడిగేదానివి. ఇంక వద్దని ఎట్టా చెప్పను?"

ఆమె అతని పక్కన కూలబడింది. ఆ పూట జపమాల చెప్పుకోలేదు.

మర్నాడు కోత మానుకుని ఒంగోలు తీసుకెళ్ళింది. డాక్టరు టార్చిలైటు వేసి అటూ ఇటూ తిప్పాడు. అటు తిప్పినప్పుడూ ఇటు తిప్పినప్పుడూ ఆదాం ఒకే చోటికి చూశాడు. "నొప్పి రాకుండా చుక్కలు వాడుతూ ఉండండమ్మా. చూపు మాత్రం ఇంక లేదు" అన్నాడు డాక్టరు. ఇంకోచోట చూపిస్తే అని క్రిస్టీనా అడగబోయింది. ఆదాం ఆమె చెయ్యి పట్టుకుని లేచాడు.

ఆ వారమే చర్చి తాళాలు ఫాదర్ గారికి ఇచ్చేశాడు. "పని చెయ్యకపోతేనేం, వచ్చి కూర్చో ఆదాం" అన్నాడాయన. సరేనన్నాడు గానీ వెళ్ళలేదు. ఆదివారం క్రిస్టీనా బతిమాలింది, కోప్పడింది. "ఆ బలిపీఠం ముందు నేనేం చూడాల?" అని ఒక్క మాట అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు ఆమె ఒక్కతే చర్చిలో పూజకు వెళ్తుంది. వెళ్ళేముందు మంచినీళ్ళ చెంబు అతని కుడిచేతి దగ్గర పెడుతుంది. తిరిగి వచ్చేసరికి నీళ్ళు అలాగే ఉంటాయి. ఎండ ముఖం మీదికి వచ్చినా జరగకుండా, అతను ఇంటి మెట్టు మీద కూర్చునే ఉంటాడు.