శరత్కాలపు పాకం

జ్ఞానప్రసూనాంబ పాకం పట్టిందంటే నరసాపురంలో ఎవరూ వేలు పెట్టి చూసేవారు కాదు. అంత నమ్మకం. అలాంటి మనిషి సౌదీలోని ధహ్రాన్ వచ్చి పాకం చెడగొట్టుకుంది. ఆ చెడిన పాకమే ఆవిడకి ఊళ్లో లేనంత పేరు తెచ్చిపెట్టింది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. పక్కింటి అమెరికా ఆవిడ డోరిస్ పెట్టెలు సర్దుకుని వెళ్లిపోతూ, డజను గాజు సీసాలూ ఓ కాగితమూ ప్రసూనాంబ చేతిలో పెట్టింది. కాగితం మీద శరత్కాలపు సిరప్ చేసే పద్ధతి ఉంది. యాపిల్ రసం, దాల్చినచెక్క, లవంగాలు, అల్లం, చక్కెర. వాళ్ల దేశంలో ఆకులు రాలే రోజుల్లో చేసుకుని టీలోనూ ఐస్‌క్రీమ్ మీదా పోసుకుంటారట.

"ఇక్కడ రాలడానికి ఆకులేవండీ?" అంది ప్రసూనాంబ భర్తతో.

"కాలనీ ఖాళీ అయిపోతోందిగా. అదే శరత్కాలం అనుకో," అన్నాడు హరనాథ్.

హరనాథ్ ఓ కాంట్రాక్టు కంపెనీలో పైప్‌లైన్ ఇంజినీరు. అప్పుడే కాస్త షుగరు కనబడిందని డాక్టరు హెచ్చరించాడు. అందుకని ఆవిడ చక్కెర సగానికి తగ్గించి, ఆ లోటు కొత్తగా దిగిన ఖర్జూరాలతో పూడ్చింది. పండే కదా, పరవాలేదనుకుంది. ఫ్రిజ్‌లో పెట్టమని కాగితంలో రాసే ఉంది కానీ, ఫ్రిజ్ నిండా యుద్ధం కోసం దాచిన కూరగాయలే. సీసాలకి మూతలు బిగించి సామాన్ల గదిలో, పై అరలో వరసగా పేర్చింది. ఆ తరువాత వాటి సంగతే మరిచిపోయింది.

జనవరిలో యుద్ధం మొదలైంది. విషవాయువు వస్తే తలదాచుకోవడానికి కిటికీలు లేని గది చూసుకోమన్నారు. ఇంట్లో అలాంటిది సామాన్ల గది ఒక్కటే. హరనాథ్ తలుపు అంచులకి ప్లాస్టిక్ కాగితం అంటించి టేపు వేశాడు.

ఓ సాయంత్రం కంపెనీ డ్రైవరు మస్తాన్ వలీ అతన్ని ఇంటి దగ్గర దింపుతూ ఉండగానే సైరన్ మోగింది. ముగ్గురూ ఆ గదిలోకి పరిగెత్తి మాస్కులు తగిలించుకున్నారు. దూరంగా ఏదో పేలింది. గోడలు అదిరాయి. మరుక్షణం వాళ్ల నెత్తి మీదే ఠప్పుమంది. ఆ వెంటనే ఇంకోటి. హరనాథ్ మెడ మీద వెచ్చగా ఏదో కారింది.

"గ్యాస్! ఎవరూ ముట్టుకోకండి!" అని మాస్కులోంచే అరిచాడు.

కదిలితే చస్తామని ముగ్గురూ బిగుసుకుపోయి కూర్చున్నారు. అరగంట గడిచింది. చీర ఒంటికి అతుక్కుపోతోంటే, ప్రసూనాంబ తనకొచ్చిన స్తోత్రాలన్నీ ఒకటికి రెండుసార్లు చదువుకుంది. మూడోసారి మొదలుపెడుతూ నేలకేసి చూసింది. బియ్యం డబ్బా వెనకనుంచి చీమలు బారు కట్టి వస్తున్నాయి. కింద పడిన చుక్కల చుట్టూ చేరి హాయిగా తాగుతున్నాయి. ఒక్కటీ చావలేదు.

ఆవిడ మాస్కు తీసేసింది. హరనాథ్ వద్దు వద్దని చేతులూపాడు. ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చి, మొహం చిట్లించింది. అది చూసి మస్తాన్ వలీ కూడా తీశాడు.

"అమ్మా, ఇది గ్యాసు గాదు," అన్నాడు తెల్లబోయి. "సారాయి వాసన గొడతాండాది."

హరనాథ్‌కి నిజమైన వణుకు అప్పుడు పుట్టింది. క్షిపణి ఎవరింటి మీదైనా పడొచ్చు. ఇది తన ఇంట్లో, పై అర మీది సీసాల్లో పులిసి, తన భార్య చేత్తో తయారైన సారా. ఈ దేశంలో పట్టుబడితే జైలే. బయట ప్రమాదం తొలగిందని సైరన్ మోగుతుంటే, మొగుడూ పెళ్లాలు మిగిలిన పది సీసాలూ స్నానాల గదిలో ఒంపేసి, ఫినాయిలు పోసి కడిగారు.

"అల్లా తోడు సార్, ఎవురికీ చెప్పను," అని మాటిచ్చాడు మస్తాన్ వలీ. ఇచ్చినట్టే ఎవరికీ చెప్పలేదు, తన గదిలో ఉండే నన్నేసాహెబ్ అనే అతనికి తప్ప. వారం తిరిగేసరికి కాలనీ అంతా పాకింది.

యుద్ధం ముగిసింది. నాలుగేళ్లుగా పలకరించే దిక్కులేని ఆ ఇంటికి గురువారం సాయంత్రాలు చుట్టాల్లా జనం రావడం మొదలైంది. "ఏదో సిరప్ చేస్తారటగా?" అని గొంతు తగ్గించి అడిగేవారు. ప్రసూనాంబ ఈసారి నిండా చక్కెర వేసి, తీగపాకం వచ్చేదాకా కాచి, ఫ్రిజ్‌లోనే పెట్టింది. సోడాలో కలిపి ఇస్తూ, "ఇందులో ఏమీ లేదండీ," అని చెప్పేది. "లేదు లేదు, ఏమీ లేదు," అంటూ వాళ్లు కన్నుగీటేవారు. ఎంత కాదంటే అంత నమ్మారు. చివరికి ఆవిడ చెప్పడం మానేసింది. అబద్ధం ఆడలేదు, నిజం చెప్పలేదు, అంతే. ఇల్లు నిండుగా ఉండటం బాగుందనిపించింది.

అక్టోబరులో హరనాథ్ వాళ్ల మేనేజరు హేమసుందర్ వచ్చాడు. యుద్ధం రోజుల్లో అందరినీ నిలబెట్టి, "భయపడేవాడు ఇంజినీరే కాదు," అని ఉపన్యాసాలిచ్చిన మనిషి. మొదటి గ్లాసు కళ్లు మూసుకుని తాగి, "స్ట్రాంగ్‌గా ఉంది చెల్లెమ్మా," అన్నాడు. రెండో గ్లాసుకి చొక్కా గుండీ విప్పాడు. మూడో గ్లాసుకి నాలుక తడబడింది.

"హరనాథ్, నీకో మాట చెప్పాలి. మిమ్మల్నందరినీ ఉండమన్నానే, ఆగస్టులో దేశం వదిలి పోతానని మొట్టమొదట ఎగ్జిట్ కాగితాలు పెట్టింది నేనే. మన సౌదీ యజమాని, ఆ కఫీల్, సంతకం పెట్టలేదు గనక ఆగాను."

హరనాథ్ చేతిలోని సోడా సీసా కింద పెట్టాడు.

"సైరన్ మోగితే మంచం కింద దూరేవాణ్ణి. కాళ్లు బయటే ఉండిపోయేవి. మా చరిత వాటిని లోపలికి తోసేది. తొమ్మిదేళ్ల పిల్ల." ఆయన కళ్లద్దాలు తీసి, సోఫా చేతి మీద తల ఆన్చి వెక్కివెక్కి ఏడ్చాడు.

"సార్, అసలు అందులో..." అని హరనాథ్ ఏదో అనబోయాడు. ప్రసూనాంబ అతని వైపు ఒక్క చూపు చూసింది. అందులో ఏమీ లేదని తెలిస్తే, ఈ మాటలన్నీ ఆయన తెలివిలో ఉండి అన్నట్టవుతుంది. రేపట్నుంచి ఆఫీసులో తలెత్తుకోలేడు.

"ఏవండీ, సారుకి మంచినీళ్లు తెండి," అంది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. "చెల్లెమ్మా, నిన్న కాస్త ఎక్కువైనట్టుంది. ఏం వాగానో ఏమో," అన్నాడు హేమసుందర్. గొంతులో బెరుకు.

మడి కట్టుకుని పొయ్యి దగ్గర నుంచి వచ్చిన ప్రసూనాంబ రిసీవర్ రెండో చెవికి మార్చుకుంది.

"అయ్యో, మాకేం గుర్తుంటుంది అన్నయ్యగారూ! మేమూ మీతో సమానంగా పుచ్చుకున్నాంగా," అంది.

హరనాథ్ కాఫీ తాగడం ఆపి భార్యకేసి చూస్తూ ఉండిపోయాడు.